ఏ పండుగకు ఏ వేళ: విశాఖలో ఇంటికి కావలసిన ఏడాది పట్టిక వేసుకునే పద్ధతి

దీపావళి దగ్గర పడినా, కృష్ణాష్టమికి వారం రోజులే ఉన్నా, విశాఖపట్నంలోని అపార్ట్‌మెంట్లలోనూ క్వార్టర్లలోనూ "పండుగ ఈ రోజా, రేపా?" అన్న ప్రశ్న మొదలవుతుంది. గోడ మీది క్యాలెండరు ఒక తేదీ చెబుతుంది, ఫోనుకు వచ్చిన సందేశం మరొకటి చెబుతుంది, ఒక్కోసారి ఆలయం వారి ప్రకటన ఆ రెండింటితోనూ కలవదు. ఇదంతా పంచాంగకర్తల తగవు అని చాలామంది తేల్చేస్తారు గాని అందులో నిజం కొంతే. మన పండుగలలో ఎక్కువ భాగం తేదీని బట్టి కాక తిథిని బట్టి వస్తాయి; ఆ తిథి కూడా ఒక ప్రత్యేకమైన వేళకు ఉండాలని ప్రతి పండుగకూ ఒక నియమం ఉన్నది. శ్రీరామనవమికి మధ్యాహ్నం కావాలి, దీపావళికి పొద్దు గుంకిన తరువాతి వేళ కావాలి, శివరాత్రికి అర్ధరాత్రి కావాలి. ఏ పండుగ ఏ వేళను కోరుతుందో, ఎందుకు కోరుతుందో తెలిసినవారికి తేదీల గొడవ చాలావరకు తీరిపోతుంది, ఆ పండుగ అర్థమూ తెలిసివస్తుంది. ఉగాదికి పంచాంగం తెచ్చుకొని, ఒక పూట తీరికగా కూర్చొని, ఇంటికి కావలసిన సంవత్సర పట్టికను ఎవరికి వారే ఎలా వేసుకోవచ్చో ఇక్కడ వివరిస్తాను.

పంచాంగం కొనేటప్పుడు చూడవలసినవి

మొదట చూడవలసినది ఆ పంచాంగాన్ని ఏ ఊరికి గణించారన్నది. భారతీయ ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ సమీపం నుంచి పోతుంది. విశాఖ అంతకంటే కొంచెం తూర్పున, సుమారు 83.3 డిగ్రీల వద్ద ఉంటే, హైదరాబాదు పడమరగా సుమారు 78.5 డిగ్రీల వద్ద ఉన్నది. ఒక్కొక్క డిగ్రీకి నాలుగేసి నిమిషాల చొప్పున లెక్కవేస్తే మన సూర్యోదయం హైదరాబాదు కంటే దాదాపు 20 నిమిషాలు ముందు వస్తుందన్నమాట. ఋతువును బట్టి ఇది కొద్దిగా మారుతుంది. ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటున్నది. తిథి ముగిసే క్షణం దేశమంతటికీ ఒక్కటే, ఎందుకంటే అది సూర్యచంద్రుల మధ్య ఉన్న కోణపు దూరాన్ని బట్టి వచ్చేది. ఊరిని బట్టి మారేవి సూర్యోదయ, సూర్యాస్తమయ, చంద్రోదయాలే. కాబట్టి హైదరాబాదుకు వేసిన పంచాంగంలో తిథి గడియలు మనకు యథాతథంగా పనికివస్తాయి గాని, రాహుకాలం, ప్రదోషం, అర్ధరాత్రి వంటివి విశాఖ సూర్యోదయాస్తమయాలతో తిరిగి లెక్క కట్టుకోవాలి.

రెండవది గణిత పద్ధతి. ఆకాశంలో గ్రహాలు కనబడే స్థానాలకు సరిపోయేలా లెక్కించేది దృగ్గణితం. ప్రాచీన సిద్ధాంత గ్రంథాల సూత్రాలనే యథాతథంగా పాటించేది పూర్వ పద్ధతి. తిథి కాలం పెరిగితే అయిదు ఘడియలు, తగ్గితే ఆరు ఘడియలు (ఘడియ అంటే 24 నిమిషాలు) అని చెప్పే "బాణవృద్ధి రసక్షయం" అన్న మాట ఈ రెండవ పద్ధతిని పాటించేవారిది. రెండు పద్ధతుల మధ్య తిథి ముగింపులో కొన్ని గంటల తేడా కూడా రావచ్చు. ఏది గొప్పదన్న వాదంలోకి నేను పోను. మీ ఇంట్లో పెద్దల తిథులు, వ్రతాలు ఏ పద్ధతిలో జరుగుతూ వచ్చాయో అదే కొనసాగించడం మంచిది. చెడ్డ పద్ధతి ఒక్కటే: ఒక పండుగకు ఒక పంచాంగాన్నీ, సెలవు కలిసివస్తుందని మరో పండుగకు మరో పంచాంగాన్నీ పట్టుకోవడం.

మూడవది చాలామంది తడబడే చోటు. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలై మరునాటి సూర్యోదయంతో ముగుస్తుంది. సోమవారం వరుసలో "చవితి తె. 4.30" అని ఉన్నదంటే, అది సోమవారం తెల్లవారుజాము కాదు, ఇంగ్లీషు తేదీ ప్రకారం మంగళవారం వేకువన 4.30 గంటలు. "రా. 1.20" అన్నా అంతే. ఈ ఒక్క సంగతి తెలియక ఉపవాసాన్ని ఒక రోజు ముందుగానే ఉన్నవారు కనబడుతూనే ఉంటారు.

తిథి రెండు రోజులకు తగిలితే

చంద్రుడు సూర్యుని కంటే 12 డిగ్రీలు ముందుకు జరగడానికి పట్టే కాలం ఒక తిథి. చంద్రుని వేగం ఒకేలా ఉండదు గనుక తిథి కాలం సుమారు 20 గంటల నుంచి 26 గంటలు దాటేదాకా మారుతుంది. అది గడియారం 24 గంటలతో సరిపోదు కాబట్టే ఒక తిథి ఈ రోజు మధ్యాహ్నం మొదలై రేపు మధ్యాహ్నం దాకా ఉండడం, దాన్ని మన పెద్దలు "తగులు మిగులు" అనడం జరుగుతుంది.

2024 నాటి దీపావళిని ఉదాహరణగా తీసుకోవచ్చు. దృగ్గణితం ప్రకారం ఆశ్వయుజ అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం సుమారు 3.50కి మొదలై, నవంబరు 1 సాయంత్రం సుమారు 6.15 దాకా ఉన్నది. నవంబరు 1న విశాఖలో సూర్యుడు దాదాపు 5.25కే అస్తమిస్తాడు, హైదరాబాదులో అది 5.45కు దగ్గరగా ఉంటుంది. అంటే రెండవ రోజు పొద్దుగుంకిన తరువాత అమావాస్య విశాఖలో 50 నిమిషాలు, హైదరాబాదులో 30 నిమిషాలు మిగిలింది. మొదటి రోజున మాత్రం ప్రదోషమంతా, ఆపై రాత్రంతా అమావాస్యే. దేశంలో కొన్ని చోట్ల నవంబరు 1న చేసుకున్నారు. మన రాష్ట్రంలో అక్టోబరు 31నే చేసుకున్నాం. రెండు రోజులకూ తిథి తగిలినప్పుడు ఏది తీసుకోవాలన్న విషయం మీద నిర్ణయసింధువు, ధర్మసింధువు వంటి గ్రంథాలలో ఒక్కొక్క పండుగకు వేర్వేరుగా చర్చ ఉన్నది. పురోహితులు తీర్పు చెప్పేది వాటిని చూసే. మనం అంత లోతుకు పోనవసరం లేదు, ఆ చర్చ ఏ వేళ గురించి జరుగుతున్నదో తెలిస్తే చాలు.

వేళలను పట్టుకోవడం

పట్టికకు నాలుగు గళ్లు గీసుకోండి: పండుగ పేరు, మాసం తిథి, ఆ తిథి ఉండవలసిన వేళ, ఇంగ్లీషు తేదీ. మూడవ గడి నింపడమే అసలు పని.

పగటి కాలాన్ని, అంటే సూర్యోదయం నుంచి అస్తమయం దాకా, అయిదు సమభాగాలు చేస్తారు: ప్రాతఃకాలం, సంగవం, మధ్యాహ్నం, అపరాహ్ణం, సాయాహ్నం. విశాఖలో ఆగస్టు చివరివారంలో సూర్యోదయం సుమారు 5.40, అస్తమయం సుమారు 6.15 అనుకుంటే ఒక్కొక్క భాగం రెండున్నర గంటలు. మధ్యాహ్న భాగం సుమారు 10.40 నుంచి 1.15 దాకా వస్తుంది. వినాయక చవితి నాడు చవితి తిథి ఉండవలసిన వేళ ఇదే. పూజను ఎనిమిదింటికే ముగించి ఆఫీసుకు పోవలసినవారి ఇబ్బంది నాకు తెలియనిది కాదు గాని, ఏ రోజు పండుగ అన్నది తేల్చేది మాత్రం ఈ వేళే. శ్రీరామనవమికీ మధ్యాహ్నమే, ఎందుకంటే రామజననం మిట్టమధ్యాహ్నం జరిగిందని రామకథ.

ఈ సూత్రంతో మిగిలినవన్నీ తేలిగ్గా గుర్తుంటాయి. పగలూ కాని, రాత్రీ కాని సంధ్యవేళ స్తంభం నుంచి వెలువడినవాడు కాబట్టి నరసింహ జయంతికి వైశాఖ శుద్ధ చతుర్దశి సూర్యాస్తమయ వేళకు ఉండాలి. చెరసాలలో అర్ధరాత్రి పుట్టినవాడు కాబట్టి కృష్ణాష్టమికి శ్రావణ బహుళ అష్టమి అర్ధరాత్రికి కావాలి. లింగోద్భవ కాలం అర్ధరాత్రి కనుక మహాశివరాత్రికి మాఘ బహుళ చతుర్దశి అప్పటికి ఉండాలి. మరునాడు సూర్యోదయానికి చతుర్దశి ఉన్నా అర్ధరాత్రికి అమావాస్య వచ్చేస్తే ఆ రోజు శివరాత్రి కాదు. చీకటి లేనిదే దీపానికి పని లేదు, అందుకే దీపావళికి ప్రదోషం, అంటే అస్తమయం మొదలు సుమారు ఆరు ఘడియల కాలం. నరక చతుర్దశి అభ్యంగన స్నానానికీ, రథసప్తమి స్నానానికీ సూర్యోదయానికి ముందు నాలుగు ఘడియల అరుణోదయ కాలం ముఖ్యం. విజయదశమికి అపరాహ్ణం, పెద్దల ఆబ్దికాలకూ, మహాలయ పక్షాలకూ అదే. అట్లతద్దికి చంద్రోదయం. ఉగాదికి, ఇంకా పేరు పెట్టి వేళ చెప్పని అనేక వ్రతాలకు, సూర్యోదయానికి ఉన్న తిథినే తీసుకుంటారు.

ఏకాదశి విషయంలో ఇళ్లకూ ఆలయాలకూ తేడా వస్తుంది. అరుణోదయ వేళ దశమి ఏమాత్రం మిగిలి ఉన్నా వైష్ణవులు ఆ రోజు ఉపవాసం చేయక మరునాటికి జరుపుతారు. స్మార్తులకు ఆ నియమం అంత కఠినంగా లేదు. కృష్ణాష్టమి కూడా అలాగే రెండు రోజులు కనబడవచ్చు. వైష్ణవాలయంలో రేపు జరుగుతున్నదని ఇంట్లో ఈ రోజు చేసుకోవడం తప్పేమీ కాదు. మీ పట్టికలో ఇంటి తేదీ, ఆలయం తేదీ రెండూ రాసుకోండి.

చైత్రం నుంచి ఆషాఢం దాకా

మన ప్రాంతంలో కొత్త సంవత్సరం ఒక రోజు ముందే మొదలైనట్టుంటుంది. ఉగాదికి ముందు రోజైన ఫాల్గుణ అమావాస్యను ఉత్తరాంధ్రలో కొత్త అమావాస్య అంటారు. అనకాపల్లి నూకాంబిక అమ్మవారి జాతర ఆ రోజునే మొదలై నెల్లాళ్లు సాగుతుంది. విశాఖలోని చాలా కుటుంబాలకు ఆ అమ్మవారి మొక్కు ఉగాది పచ్చడి కంటే తక్కువేమీ కాదు, కనుక పట్టికలో మొదటి వరుస ఆ అమావాస్యకే ఇవ్వండి. ఉగాదికి వేపపువ్వు, కొత్త చింతపండు, కొత్త బెల్లం, మామిడికాయ, ఉప్పు, కారం కలిపిన పచ్చడి, పంచాంగ శ్రవణం అందరికీ తెలిసినవే. నవమికి పానకం, వడపప్పు. అవి ఎండకాలానికి తగిన నైవేద్యాలు. సింహాద్రి అప్పన్న కల్యాణం చైత్ర శుద్ధ ఏకాదశి నాడు జరుగుతుంది.

వైశాఖ శుద్ధ తదియ దేశానికంతటికీ అక్షయ తృతీయ. బంగారం దుకాణాల ప్రకటనలు పుణ్యమా అని దాని అర్థం ఈ మధ్య బాగా కుంచించుకుపోయింది. విశాఖకు అది సింహాచలం అప్పన్న చందనోత్సవం. పుట్టలో కప్పబడి ఉన్న వరాహ నరసింహమూర్తిని పురూరవ చక్రవర్తి కనుగొన్నాడనీ, తొలగించిన పుట్టమన్నుకు బదులుగా చందనం పూయమని ఆజ్ఞ అయిందనీ స్థలపురాణం. ఏడాది పొడవునా చందనం కింద లింగాకారంలో కనబడే స్వామి ఆ ఒక్క రోజే నిజరూపంతో దర్శనమిస్తాడు. ఆ రాత్రి గంగధార నీటితో సహస్ర ఘటాభిషేకం చేసి మూడు మణుగుల చందనాన్ని మొదటి విడతగా సమర్పిస్తారు. తరువాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు ఒక్కొక్క విడత. నడి వేసవిలో మొదలై వానలు పడేదాకా సాగే ఈ క్రమాన్ని చూస్తే, ఉగ్రమూర్తిని చల్లబరచడం అన్న భావం ఋతువుతో ఎంతగా కలిసిపోయిందో తెలుస్తుంది. నిజరూప దర్శనానికి వెళ్లదలచినవారు ఆ తేదీని మాత్రం ఆలయం ప్రకటన చూసే నిర్ధారించుకోవాలి. పసిపిల్లలతోనూ, నిలబడలేని వృద్ధులతోనూ ఆ వరుసల్లోకి వెళ్లకపోవడమే మేలు. చందనపు విడతలున్న పౌర్ణములలో దర్శనం వారికి ఎంతో సుఖంగా ఉంటుంది.

ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ. చతుర్దశి నాడు కొండ దిగువ తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి, అడవివరం, ముడసర్లోవ, హనుమంతువాక మీదుగా సముద్రతీరం వైపు వచ్చి అప్పూఘర్ తాకి, మాధవధార, ఎన్.ఏ.డి., గోపాలపట్నం దారిన తిరిగి సింహాచలం చేరుతారు. మొత్తం సుమారు 32 కిలోమీటర్లు. మిగిలిన పండుగలకు పిండివంటల తయారీ ఎలాగో దీనికి కాళ్ల తయారీ అలాగ. నెల ముందు నుంచి రోజూ నడక అలవాటు చేసుకోనివారు మర్నాడు మంచం దిగలేరు. పౌర్ణమికి నాలుగు రోజుల ముందు వచ్చే తొలి ఏకాదశిని మరిచిపోకండి: విష్ణువు యోగనిద్రలోకి వెళ్లే రోజు, పేలాల పిండి తినే రోజు, చాతుర్మాస్యం మొదలయ్యే రోజు.

శ్రావణం నుంచి కార్తీకం దాకా

శ్రావణంలో వారాలు ముఖ్యం. కొత్తగా పెళ్లయినవారికి మంగళవారాలు మంగళగౌరీ వ్రతం. అందరికీ పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఆ శుక్రవారానికి ఇబ్బంది వస్తే అదే మాసంలో మరో శుక్రవారం చేసుకోవచ్చునన్న వెసులుబాటు మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నది.

భాద్రపద శుద్ధ చవితికి కావలసిన పత్రి ఇరవై ఒక్క రకాలు. పూర్ణా మార్కెట్టులోనూ రైతు బజార్లలోనూ కట్టలుగా దొరుకుతుంది గాని, ఆ కట్టలో ఏముందో చూసి కొనాలి. తరచుగా నాలుగైదు రకాల ఆకులే ఉంటాయి. మాచీపత్రం, బృహతీపత్రం, బిల్వం, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, తులసి ఇలా పేర్లు రాసుకొని పిల్లలతో వెతికిస్తే పండుగ అర్థం వారికి వేరే చెప్పనక్కరలేదు. వానలకు పెరిగిన పచ్చదనాన్ని గుర్తుపట్టి దేవుడి ముందు పెట్టడమే ఈ పూజ. పాలవెల్లికి వెలగకాయ, మొక్కజొన్న పొత్తు, ఆ కాలపు పండ్లు కట్టేదీ అందుకే. మట్టి విగ్రహమే తెచ్చుకోండి. సముద్రం పక్కనే ఉన్న ఊరివాళ్లం, రంగులు కలిపిన దాన్ని నీటిలో వదిలితే అది మళ్లీ మన ఒడ్డుకే వస్తుంది. ఆ మాసం రెండవ సగం మహాలయ పక్షం, పెద్దలకు కేటాయించినది.

దసరా తొమ్మిది రాత్రులలో నక్షత్రాన్ని బట్టి వచ్చేది సరస్వతీ పూజ. మూలా నక్షత్రం ఏ రోజన్నది వేరుగా చూసుకోవాలి. కర్మాగారాలు, రేవు, లారీలు ఉన్న ఊరు కనుక ఆయుధ పూజ ఇక్కడ ఇంటి గడప దాటి వీధికి వస్తుంది. విజయదశమి వెళ్లిన తొలి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజు అటువైపు ప్రయాణాలు పెట్టుకునేవారు ముందే చూసుకోవాలి.

దీపావళి నాడు పిల్లలు గోగు కర్రలకు నూనె గుడ్డలు చుట్టి వెలిగించి "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగుల చవితి" అని తిప్పడం మన వైపు ఆచారం. పంచాంగం చూడని వారికి కూడా ఆ పాటే తరువాతి పండుగను చెప్పేస్తుంది: కార్తీక శుద్ధ చవితి నాగుల చవితి. ఇతర ప్రాంతాలవారు శ్రావణంలో నాగపంచమి చేస్తే మనం కార్తీకంలో పుట్టకు పోతాం. చలిమిడి, చిమ్మిలి, పాలు నైవేద్యం. పుట్టలోకి పాలూ గుడ్లూ నిండా పోయడం కంటే పైన కొంచెం చల్లి రావడం మంచిదని నా అభిప్రాయం. లోపల ప్రాణి ఉన్నదన్న నమ్మకంతోనే కదా పూజ చేసేది.

కార్తీకానికి పట్టికలో చోటు ఎక్కువ వదలండి. సోమవారాలు, ఉత్థాన ఏకాదశి, మరునాడు తులసికోట దగ్గర క్షీరాబ్ది ద్వాదశి, పౌర్ణమికి సముద్ర స్నానం, 365 వత్తుల దీపం, ఉసిరి చెట్టు కింద వనభోజనం, చివరి అమావాస్యకు పద్మనాభంలో కొండ మెట్ల మీద దీపోత్సవం. మరునాడు మార్గశిర శుద్ధ పాడ్యమి వేకువన అరటి దొప్పల్లో దీపాలు వదిలే పోలి స్వర్గం. చాతుర్మాస్యపు నియమాలు ముగిసి, దేవుడు నిద్ర లేచాడన్న సంబరం ఈ నెలంతా కనబడుతుంది.

మార్గశిరం నుంచి ఫాల్గుణం దాకా

మార్గశిరంలో విశాఖకు గురువారమే పండుగ. బురుజుపేట శ్రీ కనకమహాలక్ష్మి గర్భాలయానికి పైకప్పు ఉండదు. భక్తులే స్వయంగా అమ్మవారికి పసుపు కుంకుమలు సమర్పించవచ్చు. నెలంతా జరిగే ఉత్సవాలలో గురువారాలకు రద్దీ మిక్కిలి. ఇళ్లలో కూడా మార్గశిర లక్ష్మివారాలు నోచుకుంటారు. పక్కనున్న ఒడిశాలోనూ ఇదే మాసంలో గురువారాలు లక్ష్మీపూజ ఉన్నది, కాబట్టి నగరంలోని ఒడియా కుటుంబాలకూ మనకూ ఇది ఉమ్మడి వ్రతమే. ఉత్తరాది నుంచి ఉద్యోగాలకు వచ్చిన ఇరుగుపొరుగుతో మాసాల పేర్లు కలవకపోతే కంగారు పడకండి: వారికి మాసం పౌర్ణమితో ముగుస్తుంది, మనకు అమావాస్యతో. మన శ్రావణ బహుళ అష్టమి వారికి భాద్రపద కృష్ణాష్టమి; రోజు మాత్రం ఒక్కటే.

ఇంతవరకు చంద్రుని లెక్క. ధనుర్మాసం, సంక్రాంతి సూర్యుని లెక్క. ముక్కోటి ఏకాదశి ధనుర్మాసంలో వచ్చే శుద్ధ ఏకాదశి కనుక మార్గశిరంలోనూ రావచ్చు, పుష్యంలోనూ రావచ్చు. సూర్యుడు మకర రాశిలో ప్రవేశించే క్షణమే మకర సంక్రాంతి; అందుకే మన కాలంలో అది జనవరి 14, 15 దాటి ఎటూ పోదు. 2024లో జనవరి 15న, 2025లో జనవరి 14న వచ్చింది. అయితే ఆకాశంలో సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22 ప్రాంతంలోనే. విషువత్తులు, అంటే పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల్లో సూర్యుడుండే బిందువులు, నెమ్మదిగా వెనుకకు జరగడం వల్ల ఈ రెండింటి మధ్య ఎడం ఏర్పడింది; సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున అది ఇంకా పెరుగుతూనే ఉంటుంది.

ఉత్తరాంధ్రలో సంక్రాంతిని పెద్ద పండుగ అంటారు. భోగి నాడు మంటలు, సాయంత్రం పిల్లలకు రేగుపండ్లతో భోగిపళ్లు. సంక్రాంతి నాడు గతించిన పెద్దలకు కొత్త బట్టలు పెట్టి, వారికి ఇష్టమైనవి వండి నివేదన చేయడం. కనుమ నాడు పశువులకు పూజ, ఇంట్లో మినప గారెలు. ఊళ్లో పశువులు లేని నగరవాసులకు కనుమ ఒట్టి భోజనాల రోజుగా మారింది. బట్టలు పెట్టే పెద్దల పేర్లు, వరుసలు ఒక కాగితం మీద రాసి పంచాంగంలో పెట్టుకోండి. తరువాతి తరానికి ఆ పేర్లు చేరే దారి అదొక్కటే అయిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

మాఘ శుద్ధ సప్తమికి తల మీద ఏడు జిల్లేడు ఆకులు, రేగుపండు పెట్టుకొని స్నానం, వీలైనవారికి అరసవల్లి. మాఘ పౌర్ణమికి సముద్ర స్నానం, పూడిమడక, రేవుపోలవరం తీరాలలో జాతర. ఫాల్గుణ పౌర్ణమికి సింహాచలంలోనూ శ్రీకూర్మంలోనూ డోలోత్సవం.

అధిక మాసం వచ్చిన ఏడు

పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 రోజులు. సౌర సంవత్సరానికి 365. ఏటా పదకొండు రోజుల చొప్పున వెనుకబడుతూ వచ్చి, సుమారు 32, 33 నెలలకు ఒకసారి ఒక నెల అదనంగా కలుస్తుంది. సూర్యుడు ఏ రాశిలోకీ మారని చాంద్రమాసమే అధిక మాసం. 2023లో అధిక శ్రావణం జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం మే 17 నుంచి జూన్ 15 దాకా. దాని ప్రభావాన్ని తేదీలలోనే చూడవచ్చు: 2025లో ఉగాది మార్చి 30న వస్తే, 2026లో పదకొండు రోజులు వెనక్కి జరిగి మార్చి 19న వచ్చింది, వినాయక చవితి మాత్రం 2025లో ఆగస్టు 27 కాగా 2026లో సెప్టెంబరు 14కు ముందుకు పోతుంది, ఎందుకంటే మధ్యలో ఒక నెల చేరింది. 2027 ఉగాది ఏప్రిల్ 7. కాబట్టి కిందటేటి పట్టికను చూసి పదకొండు రోజులు తీసివేసే అడ్డదారి అధిక మాసం దాకానే పనిచేస్తుంది.

ఏటేటా వచ్చే పండుగలు, వ్రతాలు నిజ మాసంలోనే, అంటే అధిక మాసం వెళ్లాక అదే పేరుతో వచ్చే నెలలోనే చేయాలి. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు అధిక మాసంలో పెట్టుకోరు. జపం, దానం, పురాణ శ్రవణం చేస్తారు. అధిక మాసంలో గతించినవారి ఆబ్దికం, లేదా ఆబ్దికపు నెలే అధికంగా వచ్చినప్పుడు చేయవలసిన పద్ధతి కుటుంబాన్ని బట్టి, శాఖను బట్టి మారుతుంది. దాన్ని మాత్రం పట్టికలో ఖాళీగా వదిలి ఇంటి పురోహితుని అడిగి రాయండి.

పట్టిక పూర్తయ్యాక తగులు మిగులు ఉన్న తిథుల పక్కన చిన్న గుర్తు పెట్టుకోండి. ఏడాదికి అవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. ఆ గుర్తు ఉన్న పండుగకు వారం ముందు మాత్రం ఆలయం ప్రకటననూ, ఇంటి పురోహితుని మాటనూ ఒకసారి సరిచూసుకుంటే సరిపోతుంది. రైలు టికెట్లు, సెలవు చీటీలు, పూలకు బయానా ఆ తరువాతే.